చూపు దెబ్బ

ఒక పెద్ద అడవిలో కుస్తీ నేర్పే తాలింఖానా ఒకటి ఉండేది. అడవి పెద్దదే గాని, తాలింఖానా పేరు అంతకంటే పెద్దది.

దాని గురువు భల్లయ్య అనే ఎలుగుబంటి. వయసులో ఉన్నప్పుడు భల్లయ్య నిజంగానే వస్తాదు. పట్టు పట్టాడంటే అడవిదున్న కూడా ఊపిరాడక బతిమాలుకునేది. కానీ వయసు మీదపడింది, మోకాళ్ళు మొండికేశాయి. ఒకరోజు గోదాలో శిష్యుడి మీదికి ఉరకబోతే నడుం పట్టేసింది. కదల్లేక, ఉన్నచోటే నిలబడి గుడ్లురిమాడు. ఎదురుగా ఉన్న కొండముచ్చు కోటిలింగానికి ఏం చెయ్యాలో తోచలేదు. గురువుగారి పరువు పోతుందని తనే వెల్లకిలా పడ్డాడు.

"ముట్టుకోకుండానే పడేశారు," అని మిగతా శిష్యులు నోళ్ళు తెరిచారు.

మర్నాడు ఒక దుప్పి పడింది. ఆ తర్వాత కుందేళ్ళు, ఒక నెమలి. బాగా పడ్డవాళ్ళని పై తరగతికి పంపారు. అందరికంటే బాగా, దొర్లుకుంటూ పడ్డ కోటిలింగం ఉపగురువైపోయాడు. ఆ విద్యకి 'చూపు దెబ్బ' అని పేరు పెట్టింది కూడా అతనే.

మొదట్లో భల్లయ్యకి లోపలెక్కడో అనుమానం ఉండేది, వీళ్ళు నిజంగానే పడుతున్నారా అని. కానీ రోజూ పొద్దున్నే అంతమంది పడుతుంటే ఒక్క అనుమానం ఎంతకాలం నిలబడుతుంది? అదీ పడిపోయింది.

ఇలా ఉండగా నీళ్ళ మడుగు దగ్గర ఒక చిరుత మకాం పెట్టింది. దాహానికని వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదు. అడవి సభ కూర్చుని, బాగా ఆలోచించి, మడుగు కాపలా తాలింఖానాకి అప్పగించింది.

కాపలా మొదలవడానికి ముందురోజు సాయంత్రం భల్లయ్య ఒక్కడే సాధన చేస్తున్నాడు. దుంపలు తవ్వుకుంటూ అడవిపంది పోలమ్మ గోదాలోకి వచ్చేసింది. ఆవిడ జన్మలో తాలింఖానా గడప తొక్కలేదు.

"పోలమ్మా, అక్కడే ఆగు. పడిపోతావు," అని భల్లయ్య చూపు దెబ్బ కొట్టాడు.

పోలమ్మ ఆగలేదు, పడలేదు. దగ్గరికొచ్చి అతని మొహంలోకి తేరిపార చూసింది. "కంట్లో నలుసు పడిందా బావా? ఉండు, ఊదుతాను."

భల్లయ్య ఇంకా గట్టిగా చూశాడు. పోలమ్మ ఊదింది. అతనికి కళ్ళనీళ్ళు వచ్చాయి, నలుసు వల్ల కాదు.

"నేను చూస్తే అందరూ పడతారమ్మా," అన్నాడు.

"పడతారు మరి. పెద్దవాడివి కదా, నిలబడితే బాగుండదని," అని పోలమ్మ మళ్ళీ దుంపల మీద పడింది.

ఆ మాట భల్లయ్యని కూల్చేసింది. అది అతనికి తెలియని సంగతి కాదు. తెలుసన్న సంగతే ఇన్నేళ్ళూ తనకి తెలియనివ్వలేదు.

తెల్లారగానే శిష్యులని కూర్చోబెట్టి చెప్పేశాడు. "ఒరే, నా దగ్గర ఏ శక్తీ లేదు. ఆ రోజు నాకు నడుం పట్టింది, అంతే. చిరుత దగ్గరికి పోకండి, చస్తారు."

అది వినగానే కోటిలింగం వెల్లకిలా పడ్డాడు. వెనకాలే తరగతంతా పడింది.

"ఏమైందిరా?"

"వినయపు దెబ్బ గురువుగారూ," అన్నాడు కోటిలింగం కిందనుంచే, కళ్ళు తుడుచుకుంటూ. "చూపు దెబ్బ కంటే పై మెట్టు. ఇన్నాళ్ళూ మా దగ్గర దాచారు."

భల్లయ్య అతన్ని పక్కకి లాక్కెళ్ళాడు. "కోటీ, మొదటిరోజు ఎందుకు పడ్డావో నీకు తెలుసు కదరా."

కోటిలింగం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తెలుసండి. కానీ ఇప్పుడు మీరు నిజం చెబితే, మేం పడ్డ పడటాలన్నీ ఏం కావాలి? నా వీపు చూడండి, కాయలు కాసింది. నా పదవి ఈ వీపు మీదే నిలబడి ఉంది."

శిష్యులు మడుగు దగ్గర బారులు తీరారు. వద్దు వద్దంటూ భల్లయ్య వెనకాలే కుంటుకుంటూ వచ్చాడు. పొదల్లోంచి చిరుత బయటికొచ్చింది. అందరూ కలిసి చూపు దెబ్బ కొట్టారు. ఇంతమంది తనవైపు ఇంత శ్రద్ధగా చూడటం చిరుతకి కొత్త. ఏదో మర్యాద చేస్తున్నారనుకుని, ముందున్న కోటిలింగం తోక అందుకుంది.

కోటిలింగం అలవాటుకొద్దీ వెల్లకిలా పడ్డాడు. అతను పడగానే వరసంతా పడింది. ఇంత పద్ధతిగా వడ్డించిన భోజనం చిరుత ఎన్నడూ ఎరగదు.

భల్లయ్య కళ్ళు గట్టిగా మూసుకుని దాని మీదికి దూకి, పాతకాలపు పట్టు పట్టాడు. చిరుత ఒక్క విదిలింపుతో అతన్ని నేలకేసి కొట్టి, భుజం చీరేసింది. ఎన్నో ఏళ్ళకి అతను నిజంగా దెబ్బ తిన్నాడు. ప్రాణం విలవిల్లాడింది, అయినా పట్టు వదల్లేదు. కానీ చేతుల్లో సత్తువ జారిపోతోందని అతనికే తెలుస్తోంది. ఈసారి ఆ సంగతి తన దగ్గర దాచుకోలేదు. సిగ్గు విడిచి, "పోలమ్మా, నావల్ల కావడం లేదు," అని కేక పెట్టాడు.

మడుగు అవతల దుంపలు తవ్వుకుంటున్న పోలమ్మ తన మందనంతా వెంటేసుకుని వచ్చి కుమ్మింది. చిరుత ఎలాగో విడిపించుకుని కొండ అవతలికి పారిపోయింది.

తర్వాత సభ విచారణ జరిపింది. అసలు చిరుత ఎందుకు పడలేదన్నది ప్రశ్న.

"మన తాలింఖానాలో చేరలేదు కదండీ, పడటం రాదు," అన్నాడు కోటిలింగం, మిగిలిన తోక సర్దుకుంటూ.

సభకి సబబుగానే తోచింది. చిరుతకి తాలింఖానాలో ప్రవేశం ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించి, కోటిలింగాన్ని గురువుని చేసింది.

భల్లయ్య ఇప్పుడు పోలమ్మ పిల్లలతో బురదలో కుస్తీ పడుతున్నాడు.

"తాతా, మళ్ళీ ఓడిపోయావు," అంటాయి పిల్లలు.

"అవునర్రా, ఓడాను. కాలు ఎక్కడ తప్పిందో చూపించండి," అంటాడు, ఒంటికంటిన బురదతోనే లేస్తూ.

నీతి: అబద్ధాన్ని పట్టుకుని వదలనివాడికి పీఠం దక్కుతుంది, వదిలేసినవాడికి దక్కేది బురదా, కాస్త కుస్తీనూ.