ఆసిడ్ గదిలో దిష్టి గుమ్మడికాయ

ఆ రోజు ఉదయం విశ్వాసమ్మ పెట్టుకున్న పని చిన్నదే. పదకొండు గంటలకు గుర్తింపు కమిటీ వచ్చేలోగా కెమిస్ట్రీ ల్యాబులో బల్లలు తుడిచి, సీసాల మీది దుమ్ము దులిపి, ఒక మూల నిలబడాలి. కడప ఊరి చివర ఉన్న ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె పదకొండేళ్ళుగా తాత్కాలిక అటెండరు. ఈ కమిటీ సరేనంటే పర్మనెంటు చేస్తానని కరస్పాండెంటు శివశంకర్ రెడ్డి మాట ఇచ్చాడు. అలాంటి మాటలు ఆయన వెనకటి మూడు కమిటీలప్పుడు కూడా ఇచ్చాడు గానీ, ఈసారి నలుగురి ఎదుట ఇచ్చాడు. అందుకని ఆమె కొంచెం నమ్మింది.

శివశంకర్ రెడ్డిది నాపరాళ్ళ వ్యాపారం. రాయి ఎలాంటిదైనా పాలిష్ పెడితే చెల్లుతుందని ఆయన ముప్పై ఏళ్ళ అనుభవం. కాలేజీనీ అలాగే నడిపాడు. గోడలకు రంగులు కొట్టించాడు. ల్యాబు గుమ్మం పక్కన 'భద్రతాధికారి: సుధీర్' అని పెద్ద బోర్డు పెట్టించాడు. సుధీర్ ఆయన బావమరిది. ఆ పదవి అతనికి అక్క పెళ్ళితోపాటు వచ్చింది.

కెమిస్ట్రీ మేడమ్ నాగజ్యోతి కాన్పు సెలవులో ఉంది. పోయే ముందు ఆమె ఆసిడ్ల బీరువా మీద తెలుగులో ఒక కాగితం అంటించి పోయింది. విశ్వాసమ్మ మొగుడు పోయాక, నలభై అయిదో ఏట, ఆదివారాలు చర్చి వసారాలో కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. అప్పటి నుంచి రాసి ఉన్నది ఏది కంటపడినా చదవకుండా వదలదు. ఆ కాగితం ఆమెకు కంఠతా వచ్చు. 'గ్లేసియల్ ఎసిటిక్ ఆసిడ్. మంట అంటుకుంటుంది. ఒళ్ళు కాలుస్తుంది. ముప్పై తొమ్మిది డిగ్రీల వేడి దాటితే దీని ఆవిరికి నిప్పు చూపించరాదు. నైట్రిక్ ఆసిడ్ పక్కన పెట్టరాదు. ఒంటి మీద పడితే పదిహేను నిమిషాలు నీళ్ళ కింద కడగాలి.' ఆ రోజు కడపలో ఎండ నలభై మూడు. పైగా తొమ్మిదింటికే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయి గది పెనంలా కాలుతూ ఉంది.

సుధీర్ ఎనిమిది గంటలకే వచ్చి సీసాలన్నిటినీ ఎత్తు ప్రకారం వరుసలో పెట్టించాడు. ఫోటోలో అందంగా పడతాయట. ఆ వరుసలో నైట్రిక్ ఆసిడ్ వచ్చి ఎసిటిక్ ఆసిడ్ పక్కన నిలబడింది. విశ్వాసమ్మ దాన్ని తీసి అవతలి బీరువాలో పెట్టింది. అతను మళ్ళీ తెచ్చి పెట్టాడు. ఆమె మళ్ళీ తీసింది. తర్వాత అతని చూపు గుమ్మం దగ్గరి ఎర్ర ఇసుక బకెట్ల మీద పడింది. ఒట్టి ఇసుక బాగా లేదని వాటిలో క్రోటన్ మొక్కలు గుచ్చాడు. చివరగా, సీసాలో ఉంటే ఏం కనపడుతుందని ఎసిటిక్ ఆసిడ్‌ను మూడు గాజు బీకర్లలో పోసి, పెళ్ళి వంటల్లో వాడే కేసరి రంగు కలిపి, బల్ల మధ్యలో వరుసగా అమర్చాడు. పులిసిన వాసన గదంతా నిండింది.

"సారూ, అవి మూత లేకుండా పెట్టకూడదు. కండ్లు మండుతాండాయి."

"వాసన రావాలమ్మా. అప్పుడే ల్యాబు అంటారు."

ఆ తర్వాత అతను సంచిలోంచి దిష్టి గుమ్మడికాయ, కర్పూరం పొట్లం తీసి ఆ బీకర్ల పక్కనే పెట్టాడు. విశ్వాసమ్మ గుడ్డ కింద పడేసింది.

"సారూ, ఈడ హారతి వద్దు. మంట చూపకూడదని రాసుండాది."

సుధీర్ ఆమె మెడలోని సన్నటి సిలువ వైపు చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది. తలుపు అవతలికి పోయి బావకు ఫోను చేశాడు.

"బావా, విశ్వాసమ్మ హారతి వద్దంటాంది. వాళ్ళకు పడదంట."

శివశంకర్ రెడ్డి మామూలుగా అయితే అరిచేవాడు. కానీ వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో నిలబడదామని ఆయన ఆశ.

"నోరు మూసుకోరా. వాళ్ళ కాలనీలో నాలుగొందల ఓట్లుండాయి. వాళ్ళ పాస్టరును గూడా పిలిపించు. ఆయన ప్రార్థన ఆయన చేసుకుంటాడు."

అరగంటలో పాస్టరు ఏసేపు వచ్చాడు. చేతిలో కొవ్వొత్తుల పెట్టె ఉంది.

"అయ్యగారూ, కొవ్వొత్తులు గూడా వద్దు" అంది విశ్వాసమ్మ.

సుధీర్ మళ్ళీ ఫోను తీశాడు. "ఈయన గూడా వద్దంట బావా. ఈయనది వేరే చర్చి అంట. అందుకే కుదరదేమో."

"ఏందప్పా ఈ తలనొప్పి. అట్లయితే ఆ సాంబ్రాణాయన్ను గూడా తీసుకురా. రేపు ఎవురూ మాట అనకుండా అందురిదీ ఒకేసారి అయిపోవాల."

అంగళ్ళకు సాంబ్రాణి పొగ వేసే మస్తాన్ వలీ నిప్పుల చట్టితో వసారా ఎక్కాడు. విశ్వాసమ్మ ఎదురుపోయి గడప దగ్గరే ఆపింది. పాస్టరును కూడా బయటకు పిలిచింది.

"అన్నా, ఆ గ్లాసుల్లో ఉండేది పెట్రోలే అనుకో. ఈ వేడికి నిప్పురవ్వ పడితే చాలు."

మస్తాన్ వలీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చట్టి ఎత్తుకుని పోయి దూరంగా స్కూటర్ల షెడ్డు అవతల పెట్టి వచ్చాడు. "ముందే చెప్పొద్దామ్మా. నాకు గడ్డం ఉండాది" అన్నాడు. ఏసేపు కొవ్వొత్తుల పెట్టె జేబులో వేసుకుని, ఉన్నచోటనే కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరికీ ఒక్క మాటతో తెలిసిపోయింది. వాళ్ళు భద్రతాధికారులు కారు.

పదిన్నరకు శివశంకర్ రెడ్డి తెల్ల చొక్కాలో దిగాడు. ఇద్దరు పెద్దమనుషులూ వసారాలో ఊరకే నిలబడి ఉండటం చూసి ఆయనకు ఒళ్ళు మండింది.

"ముగ్గురు దేవుళ్ళను పిలిపిస్తే ముగ్గుర్నీ వద్దంటివే. ఇంతకీ నీకు ఏ దేవుడు కావాలమ్మా?"

"ఏ దేవుడయినా సరే సార్. నిప్పు లేకుండా రమ్మనండి."

వసారాలో మస్తాన్ వలీ దగ్గాడు. అది నవ్వేమోనని శివశంకర్ రెడ్డికి అనుమానం వచ్చింది. అంతటితో నాలుగొందల ఓట్లూ ఆయన మనసులోంచి జారిపోయాయి. అక్కడికక్కడే సుధీర్ చేత కాగితం రాయించి సంతకం పెట్టాడు. 'దైవకార్యానికి అడ్డుపడినందున విశ్వాసమ్మను నేటి నుంచి పనిలోంచి తొలగించడమైనది.'

విశ్వాసమ్మ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. పదకొండేళ్ళ పని ఒక్క వాక్యంలో సరిపోయింది.

"పోతా సార్. ఆ గ్లాసులకు మూతలు పెట్టి పోతా."

"ముట్టుకున్నావంటే పోలీసులను పిలుస్తా. నడువు."

ఆమె గడప దాటింది. దాటి కూడా పోలేకపోయింది. పోయినా తననెవరూ ఏమీ అనరు, ఇంక ఆ గదికీ తనకూ సంబంధం లేదు. అయినా లోపల ఇద్దరు మనుషులు ఉన్నారు. ఎంత దద్దమ్మలైనా మనుషులే గదా అనుకుని, ఇసుక బకెట్ల పక్కన నిలబడింది.

సుధీర్ గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించాడు. బల్ల మీదుగా ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టులో కేసరి రంగు బీకరు మీద నీలంగా ఒక మంట లేచింది. సన్నటి మంట, చప్పుడు కూడా లేదు. "బావా, జ్యోతి వెలిగింది చూడు" అన్నాడు సుధీర్ భక్తితో. మరుక్షణం పక్క బీకరు కూడా అంటుకుంది. అప్పుడు భక్తి పోయి భయం వచ్చి, చేతిలోని గుమ్మడికాయ వదిలేశాడు. అది మూడో బీకరు మీద పడింది. ఆసిడ్ చింది అతని చేతి మీదా, చొక్కా మీదా పడింది. మంట బల్లంతా పాకింది.

శివశంకర్ రెడ్డి గోడకున్న మంటలార్పే సిలిండరు పీకి మీట నొక్కాడు. ఏమీ రాలేదు. దానికీ రంగు మాత్రమే వేయించి ఉన్నాడు. ఆయన సిలిండరును బిడ్డలా ఎత్తుకుని వసారాలోకి పరిగెత్తాడు.

విశ్వాసమ్మ క్రోటన్ మొక్కను వేళ్ళతో సహా పీకి అవతల పారేసి, బకెట్టు ఇసుక బల్ల మీద కుమ్మరించింది. రెండో బకెట్టు మస్తాన్ వలీ అందించాడు. మంట చచ్చింది. ఏసేపు కిటికీలన్నీ బార్లా తెరిచాడు. ఆమె సుధీర్ జబ్బ పట్టుకుని లాక్కుపోయి, చొక్కా విప్పించి, చేతిని కుళాయి కింద పెట్టింది.

"టూత్‌పేస్టు రాయమ్మే. మండుతాంది."

"పేస్టూ వద్దు, పెరుగూ వద్దు. కదలాకు."

ఆరు నిమిషాలు గడిచేసరికి కమిటీ వచ్చింది. ముందు నడుస్తున్న కమిటీ అధ్యక్షురాలు యామిని మేడమ్ గుమ్మంలో ఆగింది. ఇసుకలో కూరుకుపోయిన గుమ్మడికాయను చూసింది. ఒట్టి సిలిండరు హత్తుకుని నిలబడ్డ కరస్పాండెంటును చూసింది. కుళాయి కింద బనియనుతో ఏడుస్తున్న మనిషిని చూసింది.

"ఇది సేఫ్టీ డ్రిల్లు మేడమ్" అన్నాడు శివశంకర్ రెడ్డి. "మా దగ్గర ఇట్లాంటివి రెగ్యులర్‌గా చేస్తాము."

"బాగుంది. మీ భద్రతాధికారి ఎవరు?"

శివశంకర్ రెడ్డి బోర్డు వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. మేడమ్ తానే బోర్డు చదువుకుని, కుళాయి దగ్గరికి వచ్చింది.

"సుధీర్ గారూ, ఈ ఆసిడ్ ఒంటి మీద పడితే ఎంతసేపు కడగాలి?"

సుధీర్ బావ ముఖం వైపు చూశాడు. బావ పైకప్పు వైపు చూశాడు.

"పదహైదు నిమిషాలు మేడమ్" అంది విశ్వాసమ్మ. "ఇంకా తొమ్మిదుండాయి. సారు ఊరికూరికే చెయ్యి లాక్కుంటాండాడు."

"నువ్వెవరమ్మా?"

"ఇంతకుముందు అటెండర్ని మేడమ్. ఇప్పుడు ఎవుర్నీ కాను." ఆమె తడి చేత్తోనే కొంగున కట్టుకున్న కాగితం విప్పి చూపించింది.

యామిని మేడమ్ ఆ కాగితం చదివింది. బీరువా మీద అంటించి ఉన్న కాగితమూ చదివింది. రెండూ చదివాక ఆమెకు కొత్తగా అడగవలసింది ఏమీ మిగల్లేదు. తన ఫైలులో నాలుగు వాక్యాలు రాసి, శివశంకర్ రెడ్డి చేత కింద సంతకం చేయించింది. నెల రోజుల్లో మళ్ళీ వస్తుందట. అప్పటికి ఈ మనిషి పర్మనెంటుగా, ఈ గది బాధ్యతంతా చేతిలో పెట్టుకుని ఇక్కడ కనబడాలట. కనబడకపోతే గుర్తింపు లేదు, గుమ్మడికాయ సంగతి పై ఆఫీసుకు కూడా వెళుతుంది.

"ఇప్పుడే చేస్తాం మేడమ్. ఆమె మా ఇంటి మనిషి లెక్క" అన్నాడు శివశంకర్ రెడ్డి. విశ్వాసమ్మ చేతిలోని కాగితం మెల్లగా లాక్కుని నలిపి జేబులో వేసుకున్నాడు. ఆమె తొమ్మిది నిమిషాలు పూర్తయ్యేదాకా సుధీర్ చెయ్యి మాత్రం వదల్లేదు.

సాయంత్రానికి ఆర్డరు తయారైంది. చేతికి కట్టుతో సుధీర్ కంప్యూటరు ముందు కూర్చుని, విద్యార్హత అన్న గడి దగ్గర ఆగాడు. "ఈడ ఏం రాయాల బావా?" అని అడిగాడు. శివశంకర్ రెడ్డి చాలాసేపు ఆలోచించి 'రాసి ఉన్నది చదువుతుంది' అని రాయించాడు. ఆ కాలేజీ సిబ్బంది రిజిస్టరులో అంతకుముందు ఎవరి పేరుకు ఎదురుగానూ ఆ మాట లేదు.