మాధవరం గొర్రెల కేసులో మిరియాల వడ

“చూడు కోదండం, ఈ మద్రాసులో తప్పు చేసినోడు ఇద్దరి దగ్గిర్నించి తప్పించుకోలేడు. ఒకడు యముడు. రెండోవాడు ఈడనే కూచోనుండాడు,” అని మునిరత్నం టీ గ్లాసు బల్ల మీద పెట్టి ప్రకటించాడు.

కోదండరాం కుట్టుమిషన్ ఆపలేదు. ఆ మాట రోజూ పదకొండు గంటల టీ దగ్గర వినేదే. యముడి దగ్గరికైనా జనం పోతున్నారు గాని రెండోవాడి దగ్గరికే ఎవరూ రావడం లేదని అనాలనిపించింది. పెద్దవాడు కదా అని ఊరుకున్నాడు.

మునిరత్నం ఒక పార్సిల్ కంపెనీలో పోయిన సరుకుల విభాగాన్ని ముప్ఫై ఏళ్ళు చూశాడు. ఆ ముప్ఫై ఏళ్ళలో పోయిన సరుకు ఒక్కటీ దొరకలేదు. ‘వస్తువులు పోవడంలో నాకున్న అనుభవం ఇంకెవడికీ లేదు’ అంటూ రిటైరైన మర్నాడే డిటెక్టివ్ అయ్యాడు. ఆఫీసు కోసం ఎక్కడా వెతకలేదు. కోదండరాం టైలరింగ్ షాపుకు మధ్యలో ఒక తెర కట్టించి వెనక సగంలో చేరిపోయాడు. బోర్డు కూడా ఉమ్మడిదే. ‘జాకెట్లు అర్జెంటుగా కుట్టబడును. రహస్యములు ఛేదించబడును.’ ఎనిమిది నెలల్లో బోర్డు చూసి వచ్చినవాళ్ళంతా జాకెట్ల కోసం వచ్చినవాళ్ళే.

కేసులు లేక డిటెక్టివ్ మెదడు తుప్పు పట్టకూడదు కదా, మునిరత్నం ఇంట్లోనే దర్యాప్తులు మొదలుపెట్టాడు. పంచదార డబ్బా మూత ఎవరు వదులుగా పెట్టారు, పాలు పొంగడం వెనక ఎవరి హస్తం ఉంది, ఇలాంటివి. “శనివారం శనివారం మా ఇంట్లో గంపెడు మిరియాల వడలు వేగతాయి కోదండం. నాకు రెండే పెడుతుంది. మిగిలినవి ఏడికి పోతాయో అది పెద్ద మిస్టరీ. తీరిక దొరికితే పట్టాలి,” అని ఈ మధ్యనే అన్నాడు కూడా. అతని భార్య రాజలక్ష్మి ఒకనాడు జాకెట్ కొలతలివ్వడానికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “తమ్ముడూ, ఊళ్ళో యాడైనా ఒక దొంగతనం జరిగితే బాగుండు. ఈయన నా పోపుల పెట్టె మీద వేలిముద్రలు వెతకతాండాడు.” 

ఆ గురువారం మధ్యాహ్నం షాపు మెట్ల దగ్గర పుష్పవల్లి నిలబడింది. పాల కాలనీ వెనకాల పాడుబడిన ప్రహరీ పక్కన పాక వేసుకుని గొర్రెలు మేపుకునే మనిషి. చేతిలో జాకెట్ గుడ్డ లేదు.

“సామీ, కుక్కలు నా గొర్రెల్ని చంపతాండాయి,” అంది.

తెర సర్రున పక్కకు జరిగింది. “హత్యలు!” అన్నాడు మునిరత్నం. “కూచో అమ్మా. కోదండం, రాసుకో.”

కోదండరాం కొలతల పుస్తకంలో ‘నడుము ముప్ఫై నాలుగు’ కింద ‘హత్యలు’ అని రాశాడు.

పుష్పవల్లి చెప్పింది విన్నాక అతనికి నవ్వు రాలేదు. నెల కిందటి దాకా ఆమెకు పది గొర్రెలు. వీధి కుక్కలు ఎప్పుడూ ఉన్నవే గాని పాక వైపు వచ్చేవి కావు. ఈ నెల రోజులుగా మూడు వీధుల కుక్కలు గోడ దగ్గర గుంపుగా చేరుతున్నాయి. సాయంత్రం మంద మేత నుంచి తిరిగొచ్చే వేళకు మీద పడుతున్నాయి. రెండు గొర్రెలు చచ్చాయి. చూలుతో ఉన్న ఎర్రమ్మ అనే గొర్రెకు వెనక కాలు చీలిపోయింది.

“మా ఆయన పోతా పోతా నా చేతిలో పెట్టిన మంద సామీ. ఒక్కోదాన్నీ అవి పీకతా ఉంటే చూస్తా కూచోలేను. మాంసం కొట్టు అరుళ్‌కు చెప్పేసినాను, ఆదివారం వచ్చి అన్నిట్నీ తోలుకోని పొమ్మని. అవి పోతే నేను పొద్దున్నే లేచి చేసేదేముంది?” అని కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఆదివారం దాకా నాకు టైమ్ ఇయ్యి,” అన్నాడు మునిరత్నం, కిటికీలోంచి దూరంగా చూస్తూ. ఆ కిటికీకి అవతల అడుగు దూరంలో పక్కింటి గోడ ఉంది.

శుక్రవారం పొద్దున ఇద్దరూ ఘటనా స్థలానికి వెళ్ళారు. మునిరత్నం భూతద్దం తెచ్చాడు. అది పంచాంగం చదువుకోవడానికి కొన్నది. గోడ నీడలో తొమ్మిది కుక్కలు పడుకుని ఉన్నాయి. అతను దూరం నుంచే వాటిని పరిశీలించి ఉలిక్కిపడ్డాడు.

“కోదండం! అన్నిటికీ ఎడమ చెవి కొసన ఒకే తీరుగా కత్తిరించిన గుర్తు. ఇది మామూలు గుంపు కాదు. శిక్షణ పొందిన ముఠా. వెనకాల ఒక సూత్రధారి ఉండాడు.”

“అది కార్పొరేషన్ వాళ్ళు పెట్టే గుర్తన్నా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, చెవి కొస కత్తిరించి, మళ్ళా పట్టుకున్న వీధిలోనే వదిలిపెడతారు.”

మునిరత్నం కాసేపు ఆలోచించాడు. “అంటే ముఠాకు వారసులు లేరు. రాసుకో.”

కోదండరాం రాసుకున్నాడు. ఈ లోపల డిటెక్టివ్ గోడ వారగా వంగి ఒక ఆకు విస్తరి ఎత్తాడు. పాతది, ఎండి వంకర పోయింది. దాని మడతలో సగం వడ ముక్క ఇరుక్కుని ఉంది. మునిరత్నం దాన్ని వాసన చూశాడు. ఆ తర్వాత, కోదండరాం చెయ్యి పట్టుకునేలోగానే, నోట్లో వేసుకున్నాడు.

“అన్నా! అది కుక్క తిని వదిలింది!”

“ష్. మిరియాలు సరిగ్గా పడినాయి. ఉప్పు ఒక పిసరు ఎక్కువ. కోదండం, ఈ చేతి వంట నేనెక్కడో తిన్నాను.” కళ్ళు మూసుకుని నమిలాడు. “నేరస్థుడు నాకు బాగా దగ్గరివాడు.”

ఆ వడ ఎక్కడిదో తేల్చడానికి ఆ మధ్యాహ్నమంతా మాధవరం బస్ టెర్మినస్ చుట్టూ ఉన్న నాలుగు హోటళ్ళలో వడలు తిన్నాడు. ఏ వడా దొరికిపోలేదు గాని సాయంత్రానికి కడుపు పట్టేసింది. వాము నమిలి, అనుమానితుణ్ణి ప్రశ్నించాలంటూ అరుళ్ కొట్టుకు నడిచాడు.

“గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని పెద్దలు ఊరికే అన్లేదు,” అన్నాడు దారిలో. “గొర్రెకు రాని అనుమానం మనకు రావాల.”

అరుళ్ కత్తి నూరుకుంటూ తలెత్తకుండా విన్నాడు. “నేను కుక్కల్ని ఉసిగొల్పినానా? కుక్క కరిచిన గొర్రెను నా కొట్టులో ఎవరు కొంటారన్నా? పుష్పవల్లక్క అడిగింది, సరే అన్నాను. ఆయమ్మ ఏడ్చుకుంటా ఇచ్చే గొర్రెల్ని కొయ్యాలని నాకేం సంబరమా? ఆ పాక తడికెకు పోయిన వారం రెండు పలకలు కొట్టిందే నేను.” తర్వాత మునిరత్నం మొహం చూసి అడిగాడు. “ఏమన్నా, ఒంట్లో బాలేదా?”

“వడలు,” అన్నాడు మునిరత్నం గంభీరంగా. అనుమానితుల జాబితాలోంచి అరుళ్ పేరు కొట్టేశాడు. జాబితాలో ఉన్నది ఆ ఒక్క పేరే.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు తెర వెనకాల ఏదో గలగలలాడింది. కోదండరాం తల తిప్పి చూసి నోట్లో ఉన్న గుండుసూదుల్ని మింగినంత పని చేశాడు. మునిరత్నం ఆకుపచ్చ చీర కట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని నిలబడ్డాడు. మీసం కొంగు చాటున దాగనంటోంది.

“మారువేషం,” అన్నాడు. “గొర్రెల కాపరి ఆడమనిషి గదా. ఆయమ్మలాగా నేను మంద దగ్గర కూచుంటా. ముఠా నా మీదకు వస్తాది. వెనకాలే సూత్రధారి.”

“చీర ఏడిదన్నా?”

“మా ఇంట్లో ఉతికేదానికి వేసిన మూటలోంచి తీసినాను. రాజీకి తెలియదు. ఈ ఆపరేషన్ గురించి ఇంట్లోవాళ్ళకు కూడా తెలియకూడదు.”

ఆ చీరకు నూనె వాసన, ఇంగువ వాసన గట్టిగా కొడుతున్నాయి. అది కట్టుకున్న మనిషితో మాధవరం వీధుల్లో నడవాల్సి వచ్చినందుకు కోదండరాం ఎవరి మొహమూ చూడలేదు. పుష్పవల్లి ఆ రోజు మందను మేతకు తోలకుండా తడికె లోపలే ఉంచింది. ఎర్రమ్మ కాలికి పసుపు గుడ్డ కట్టి పక్కనే కూర్చుంది. వచ్చినవాళ్ళను చూసి నోరు తెరిచింది గాని రేపే ఆదివారమని గుర్తొచ్చిందేమో, జరిగి చోటిచ్చింది.

మునిరత్నం గోడ దగ్గర, విస్తరి దొరికిన చోటే చతికిలబడ్డాడు. చేతిలో కర్ర, నోట్లో ఈల. కోదండరాం, పుష్పవల్లి తడికె వెనకాల నక్కారు.

నాలుగు కొట్టేసరికి కుక్కలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, తొమ్మిదీ.  పుష్పవల్లి ఎర్రమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసింది. మునిరత్నం ఈల ఊదబోయాడు, గాలి రాలేదు.

అన్నిటికన్నా పెద్ద నల్ల కుక్క దగ్గరికొచ్చి చీర అంచు వాసన చూసింది. తోక ఊపింది. తర్వాత అతని ముందు బుద్ధిగా కూర్చుని ముందరి కాలెత్తి అతని మోకాలి మీద పెట్టింది. మిగిలిన ఎనిమిదీ రెండు వరుసల్లో కూర్చున్నాయి. పెళ్ళి పంక్తి మాదిరి.

“కోదండం!” అని మునిరత్నం వణుకుతూ కేకేశాడు. “రాసుకో! ముఠా మొత్తం లొంగిపోయింది!”

“కోదండన్నా,” అంది పుష్పవల్లి మెల్లిగా. “అవి లొంగిపోయినట్టు లేదే. అన్నం పెడతారని కూచున్నట్టుండాది.”

అప్పుడు గోడ మలుపులో స్టీలు గిన్నె చప్పుడైంది. కుక్కలన్నీ తలలు తిప్పాయి. ఒక చంకలో పెరుగన్నం గిన్నె, ఒక చేతిలో వడల గంప, భుజానికి విస్తరాకుల కట్టతో రాజలక్ష్మి నిలబడి ఉంది.

 రాజలక్ష్మే ముందు తేరుకుంది.

“నా చీర మీరెందుకు కట్టుకోనుండారు?”

“నువ్వు ఈడికెందుకు వస్తివి?” అన్నాడు మునిరత్నం ఈల నోట్లోనే ఉంచుకుని.

“మీకోసమే! కేసులు లేక మీరు నన్ను పిండి చేస్తాండారు గదా. గుళ్ళో అయ్యవారిని అడిగితిని. భైరవుడికి మొక్కుకోని ఎనిమిది శనివారాలు కుక్కలకు మిరియాల వడ, పెరుగన్నం పెట్టమన్నాడు, పని దొరకతాదని. మన వీధిలో పెడితే పక్కింటోళ్ళు తిడతారని ఈ ఖాళీ జాగాకు వచ్చినాను. ఇది అయిదో శనివారం. మొక్కు ఫలించింది గదండీ, గురువారమే మీకు కేసు వచ్చిందంట గదా. ఏం కేసు?”

 కోదండరాం మనసులో లెక్క తేలిపోయింది. వారానికి ఒక్కరోజు విందు. రుచి మరిగిన కుక్కలు మిగిలిన ఆరు రోజులూ అదే చోట ఆకలితో ఎదురుచూపు. ఎదురుగా గొర్రెలు. దేవుడు కోరిక తీర్చడంలో ఏ లోటూ చేయలేదు, కేసుతో పాటు నేరస్థుణ్ణి కూడా డిటెక్టివ్ ఇంట్లోంచే ఇచ్చాడు.

పుష్పవల్లి లేచి తడికె తలుపు తీసింది. తిట్టలేదు. “అక్కా, ఇట్ట రా,” అని పిలిచి ఎర్రమ్మ కాలు చూపించింది. రాజలక్ష్మి ఆ పసుపు గుడ్డను, దాని కింద ఎండిన నెత్తుటిని చూసింది. గిన్నె కింద పెట్టి ఎర్రమ్మ పక్కనే కూలబడి ఏడ్చింది. “నోరులేని జీవానికి నేను ఎంత పని చేస్తినమ్మా,” అంటూ ఆ గొర్రె తల నిమురుతూనే ఉంది. పుష్పవల్లి కూడా ఏడ్చింది. చీరలో ఉన్న మునిరత్నానికి ఏం చేయాలో తోచక, ఉన్న కొంగుతో తనూ కళ్ళు ఒత్తుకున్నాడు.

ఆ సాయంత్రమే తీర్పు వెలువడింది. చెప్పింది పుష్పవల్లి. కుక్కలకు కూడు మాన్పిస్తే ఆకలికి మళ్ళీ మంద మీదికే వస్తాయి. కాబట్టి పెట్టాలి, అయితే రోజూ పెట్టాలి, ఈడ కాదు, మంద పోయే దోవకు దూరంగా. రాజలక్ష్మి గంప ఎత్తుకుని ముందు నడిచింది. తొమ్మిది కుక్కలూ వెంట నడిచాయి. వాటి వెనక ఆకుపచ్చ చీరలో డిటెక్టివ్. ఆ ఊరేగింపు టైలరింగ్ షాపు మెట్ల ముందు ఆగింది.

ఆదివారం పొద్దున అరుళ్ తాళ్ళు పట్టుకుని వచ్చాడు. పుష్పవల్లి తడికెకు అడ్డంగా నిలబడి, “ఈ జన్మకు ఇవ్వను పో తమ్ముడూ,” అంది. అతను తాళ్ళు భుజాన వేసుకుని, వదులైన పలకకు ఒక మేకు కొట్టి వెళ్ళిపోయాడు.

నెల తిరిగింది. మంద మీద ఒక్క కాటు పడలేదు. షాపు మెట్ల మీద తొమ్మిది కుక్కలు కాపలా కాస్తున్నందువల్ల డిటెక్టివ్ దగ్గరికి ఎవరూ రాలేదు. జాకెట్ల వాళ్ళు మాత్రం వీధి అవతల నుంచే కొలతలు కేకేస్తున్నారు. కేసు డైరీలో మునిరత్నం ‘నేరస్థులు తొమ్మిది మంది, అందరూ అదుపులో ఉన్నారు’ అని రాశాడు. ‘సూత్రధారి’ అన్న చోట ఖాళీ వదిలాడు. ఎందుకని కోదండరాం అడిగితే, “మధ్యాన్నం భోజనం ఇంట్లోనే గదా నాకు,” అన్నాడు.

ఎర్రమ్మ ఈనింది. మూడు వారాలు గడిచాక పుష్పవల్లి పిల్లను ఎత్తుకుని కుక్కలకు దూరంగా, వీధి అవతల నిలబడి చూపించింది. “మీ పేరే పెట్టినాను సామీ, మునిరత్నమని!”

మునిరత్నం ఛాతీ ఉబ్బింది. “విన్నావా కోదండం? నా తెలివి చూసి పెట్టినాది. ఏమ్మా, అంతేనా?”

పుష్పవల్లి పిల్ల చెవి నిమిరింది. “అది ఒక్కచోట నిలవదు సామీ. అన్నిటికన్నా ముందు ఉరకతాది. ఏ దోవో దానికే తెలీదు. మొన్న దాని వెనకాల ఉరికి మందంతా దోవ తప్పింది. తీరా చూస్తే నేరుగా పాక ముందరికే వచ్చి నిలబడినాయి, ఎనిమిదికి ఎనిమిదీ.”

మునిరత్నం గర్వంగా వెనక్కి తిరిగి, “రాసుకో,” అన్నాడు.

కోదండరాం ఈసారి నవ్వుతూ రాసుకున్నాడు.