పన్నెండు మిల్లీమీటర్ల జాలి

ఆసుపత్రికి కొత్త ఎక్స్‌రే యంత్రం వచ్చింది. గుండె కొట్టుకుంటుండగానే బొమ్మ తీసి, దాని గోడ ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో అంకెల్లో చెబుతుంది. పెద్ద డాక్టరుగారు రిబ్బను కత్తిరిస్తూ, "రోగుల కష్టాలు వింటే నా గుండె కదిలిపోతుంది" అని సెలవిచ్చారు. కదిలినట్టు రుజువేమిటని ఓ విలేకరి అడిగాడు. మర్నాటి నుంచి యంత్రానికి చేతినిండా పని దొరికింది.

ఎక్స్‌రే తీసే అక్క వారం రోజులపాటు అధికారుల గుండెలే తీసింది. ఒక్కొక్కరినీ నిలబెట్టడం, ఒక రోగి అర్జీ చదివి వినిపించడం, "ఊపిరి బిగపట్టండి, కదలకండి" అనడం. పెద్ద డాక్టరుగారికి పన్నెండు వచ్చింది.

"బతికున్న గుండె ఏదైనా అంతే కదులుతుంది సార్," అంది అక్క ఉండబట్టలేక.

"అంటే కదిలిందనేగా! రాసివ్వమ్మా," అన్నారాయన. ఆ పత్రానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు.

చదివిన అర్జీ ఓ దర్జీ తాతది. గుండె ఆపరేషనుకు అనుమతి కోరుతూ పెట్టుకున్నాడు. వారం నుంచీ ఆ గది బయట బెంచీ మీద కూర్చుని, లోపల తన గోడు పదేపదే చదువుతుంటే వింటున్నాడు. "నా కథకి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే, ఇంకాస్త బాగా రాసుండేవాణ్ణమ్మా" అన్నాడు ఆయాసపడుతూ. అక్కకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇద్దరు అధికారుల వంతుల మధ్య ఆయన్ని దూర్చి బొమ్మ తీసింది. మూడే వచ్చింది. "వెంటనే ఆపరేషను చెయ్యాలి" అని ఎర్రసిరాతో రాసి పంపింది.

ఆ అధికారులే కమిటీగా కూర్చుని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తీర్పు చెప్పారు: "అర్జీదారు గోడు విని మా అందరి గుండెలూ తొమ్మిదికి తగ్గకుండా కదిలినవి. సొంత గోడుకు ఆయన గుండె మూడు మాత్రమే కదిలినందున, బాధలో నిజాయితీ లోపించినదని భావించి అర్జీని తిరస్కరించడమైనది."

"మూడంటే జబ్బు సార్, అబద్ధం కాదు!" అని అక్క గదిగదికీ తిరిగి మొత్తుకుంది. అందరూ శ్రద్ధగా విన్నారు. కొందరు ఆ ఊపులోనే మళ్లీ బొమ్మ తీయించుకున్నారు.

పదో రోజున తాత గుండె సున్నాకు వచ్చింది. సంతాపసభలో రెండు నిమిషాల మౌనానికి అందరూ లేచి నిలబడ్డారు. అక్క నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఊపిరి బిగపట్టండి, కదలకండి."

ఒక్కరూ కదల్లేదు. ఆ విద్యలో వాళ్లకు తిరుగులేదు. ఇదంతా చదివాక మీ గుండె కూడా కదిలే ఉంటుంది. కూర్చోండి, మీరు కదలక్కర్లేదు.