పాతదీ కొత్తదీ అన్నీ ఒకేసారి

ఆ రోజు అతని ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే మట్టి పరీక్షల ల్యాబులోని కొత్త కంప్యూటర్‌కి పైథాన్ ప్రోగ్రాముల ప్యాకేజీలన్నీ ఎక్కించాలి, మధ్యాహ్నం కూతురి బడి నాటకానికి వెళ్లాలి. కూతురిది మేఘం వేషం. "పోయినసారిలా ఎగ్గొట్టావంటే నేను వర్షం కురిపించను నాన్నా" అని తెగేసి చెప్పింది. డైరెక్టరుగారేమో కంప్యూటర్ సిద్ధమయ్యేదాకా సీట్లోంచి కదలొద్దన్నారు.

అతన్ని ఆఫీసులో అందరూ పొదుపాయన అంటారు. మూత పోయిన డబ్బానీ పారెయ్యడు, డబ్బా పోయిన మూతనీ పారెయ్యడు. ల్యాబులో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ప్యాకేజీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులో తెచ్చుకున్నాడు. కొత్తవి వచ్చినా పాతవి తీసెయ్యలేదు. ఎందుకైనా మంచిదని!

"ఒక్కోటీ ఎక్కించేసరికి పొద్దుగూకుతుందయ్యా" అంది పక్క సీటు కెమిస్టు.

"ఒక్కోటీ ఎందుకక్కా? ఫోల్డర్లోకెళ్లి పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టి, పేర్ల బదులు నక్షత్రం గుర్తు పెడితే సరి. మొత్తం మంద ఒకేసారి లోపలికి!"

కొట్టాడు. కంప్యూటర్ ససేమిరా అంది. ఒకే ప్యాకేజీ పాతదీ కొత్తదీ రెండూ ఇస్తే దేన్ని ఉంచుకోవాలని దాని గోల. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా! ఇంకొకరైతే పాతవి తుడిచేసేవారు. ఇతనికి మనసొప్పలేదు. ఏ ఫైలుకా ఫైలు వరసగా బలవంతంగా ఎక్కించేలా ఇంకో కమాండు రాశాడు. అది అక్షరక్రమంలో నడిచింది. ఆ క్రమంలో కొత్తదైన 1.10 ముందు, పాతదైన 1.9 తర్వాత. అంటే కొత్తదాని నెత్తిన పాతది కూర్చుంది. గ్రాఫుల ప్రోగ్రాం తెరిచేసరికి స్క్రీనంతా ఎర్రటి అక్షరాలు.

"అమ్మో, వైరస్సు!" అని కెమిస్టు కెవ్వుమంది.

ఇంకేముంది, ఊరంతా టముకు వేసినట్టే. కబురు వరండాలోకి వెళ్లేసరికి అయిదు కంప్యూటర్లు పోయాయన్నారు. క్యాంటీన్ చేరేసరికి అందరి జీతాల వివరాలూ ఎవడో ఎత్తుకుపోయాడన్నారు. జనం దొరికిన ప్లగ్గునల్లా పీకేశారు. పాపం, ఫ్రిజ్ ప్లగ్గు కూడా.

డైరెక్టరుగారు వచ్చి, కళ్లజోడు సవరించుకుని, స్క్రీను వైపు చాలాసేపు చూశారు. పొదుపాయన గడియారం చూసుకున్నాడు. నాటకం పోయినట్టే, బహుశా ఉద్యోగం కూడా.

"వైరస్ కాదు సార్. తప్పంతా నాదే. పాత ఫైళ్లు..."

"చూశారా! ఎవరి మీదా నింద పడకుండా తన మీదేసుకుంటున్నాడు. మనిషంటే ఇలా ఉండాలి" అన్నారు డైరెక్టరుగారు గంభీరంగా. "ఎవరూ ఏమీ ముట్టుకోవద్దు. ఆఫీసు రేపటిదాకా బంద్. అందరూ వెళ్లిపోండి."

పొదుపాయన పరుగెత్తాడు. బడి హాల్లో ముందు వరసలో కుర్చీ దొరికింది. స్టేజీ మీద బూడిదరంగు దూది మేఘం అతన్ని చూసి, డైలాగు మర్చిపోయి మరీ చెయ్యూపింది. అతనూ రెండు చేతులూ ఊపాడు.

"ఆ పక్కన పిడుగు మా మనవడోయ్" అని చెవిలో ఎవరో అన్నారు. తిరిగి చూస్తే డైరెక్టరుగారు!

"సార్, నిజంగా అది వైరస్ కాదు సార్..."

"నాకు తెలీదా ఏంటి? పాతది కొత్తదాని మీదెక్కింది, అంతేగా. మరి నాకు సెలవు ఎవరిస్తారయ్యా?"

మర్నాడు పొద్దున ఆఫీసు తెరిచేసరికి వైరస్ దానంతటదే నయమైపోయిందని డైరెక్టరుగారు ప్రకటించారు.