అరవై ఒకటో గడి

ఆ శనివారం గిడియోన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారగానే బడికి పోయి మైదానంలో సున్నంతో గళ్లు గీయాలి. సూరారంలోని ఇంటికి తిరిగొచ్చి ఇంత ఉప్మా తినాలి. తెల్ల డ్రెస్సు వేసుకుని పదింటికల్లా మళ్లీ బడికి పోయి పిల్లలతో కరాటే చేయించాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అడగవచ్చు. వాళ్లెప్పుడూ మేడ్చల్ చుట్టుపక్కల నేల మీద సున్నం చల్లి ఉండరు.

గిడియోన్‌కు ఇంటి డాబా మీద కరాటే క్లబ్బు ఉంది. శిష్యులు నలుగురు. అందులో ఇద్దరు అన్నదమ్ములు, ఒకడికి జ్వరమొస్తే రెండోవాడూ రాడు. అందుకని మా క్లబ్బు మీ పిల్లలకు నేర్పుతుందంటూ సుచిత్ర నుంచి గండిమైసమ్మ దాకా పదకొండు బడులు తిరిగాడు. ఒకరు అబాకస్ ఉంది చాలన్నారు. ఇంకొకరు మా పిల్లలు ఇప్పటికే బాగా కొట్టుకుంటున్నారన్నారు. పన్నెండోది శామీర్‌పేట దారిలోని సర్కారు బడి. అక్కడి హెడ్మాస్టరమ్మ తారాబాయి ఒక్క మాటలో తేల్చింది.

"శనివారం ఒక్కసారి చేసి చూపియ్యి. బాగుంటే వారానికి రెండు రోజులు నీయే. లొల్లి అయిందంటే మాత్రం మళ్ల ఈ గేటు దిక్కు రావొద్దు."

ఆ గేటు గిడియోన్‌కు కొత్తది కాదు. అతను చదివింది ఆ బడిలోనే. పదేళ్లప్పుడు అక్కడికొక కరాటే మాస్టరు వచ్చాడు. నలభై మందికే జాగా ఉందన్నాడు. గిడియోన్ నలభై ఒకటోవాడు. ఏడాదంతా వరండాలో నిలబడి, లైన్లో ఉన్నవాళ్లను చూస్తూ గాలిలో గుద్దులు నేర్చుకున్నాడు. ఆ తరువాత బెల్టులు ఎన్ని వచ్చినా, ఆ లైన్లో తనకో చోటు దొరకలేదన్న బెంగ మాత్రం అతన్ని వదల్లేదు. నిండు మైదానం ముందు ఒక్కసారి నిలబడితే అది తీరుతుందని అతని ఆశ.

"పిల్లలు అరవై మంది గదా. అరవై ఒక్క గళ్లెందుకు?" అని ముందురోజు భార్య ఝాన్సీ అడిగింది.

"ఒకటి ఎక్కువుండాలె. ఎవరో ఒకరు ఎనకపడతరు."

"ఆ ఎనకపడేటోనివి నువ్వే. ముప్పై ఐదేండ్లయినా ఆ వరండ దిగలే నువ్వు," అంది ఝాన్సీ. ఆమె అన్నది నిజమే మరి.

సరే, వెళ్లాడు. తాడు పట్టి, మేకులు కొట్టి, ఒక్కొక్కరికి ఒక్కో గడి గీశాడు. ఏ పిల్లవాడూ చోటు కోసం వెతుక్కోకుండా గడిగడికీ సున్నంతో నెంబరు వేశాడు. నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతాడు. కాస్త దూరం నిలబడి తృప్తిగా చూసుకుని, ఉప్మా కోసం ఇంటికి బయలుదేరాడు.

అతని బండి అటు మలుపు తిరిగిందో లేదో, పొద్దుటి నడకకు వచ్చిన బాలనర్సయ్య ఇటునుంచి మైదానం చూశాడు. బాలనర్సయ్యది ప్లాట్లు అమ్మిపెట్టే పని. సున్నం గీతలు, నెంబర్లు, ఎర్రగుడ్డలు! ఆ మూడూ ఒకచోట కనిపిస్తే దాన్ని ప్లాట్ల వెంచరు అనక ఇంకేమంటారని అతని నమ్మకం. గళ్లు చిన్నవిగా ఉన్నాయన్న అనుమానం వచ్చింది గానీ, "నమూనా అయి ఉంటది" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "బడి జాగల కొత్త వెంచరు. అరవై ఒక్క బిట్లు."

పావుగంటకు అది పక్క వీధిలో "సర్కారోళ్లు ఇండ్ల జాగలు ఇస్తున్నరంట" అయింది. ఇంకో పావుగంటకు "ఏ గడిల ఎవరు నిలబడితే అది వాళ్లదేనంట" అయింది. చిలికి చిలికి గాలివాన అయిందంటే ఇదే.

తొమ్మిదిన్నరకు గిడియోన్ తెల్ల డ్రెస్సులో, నల్ల బెల్టుతో గేటు దాటేసరికి అరవై గళ్లలో అరవై మంది నిలబడి ఉన్నారు. గేటు దగ్గర జామకాయలమ్మే సుక్కమ్మ ఏడో నెంబర్లో గంప దింపింది. ఇరవై మూడులో అప్పటికే కొబ్బరికాయ కొట్టేశారు.

"సర్వే సారొచ్చిండు!" అని బాలనర్సయ్య కేకేశాడు. అతను ఒకటో నెంబర్లో ఉన్నాడు.

"సర్వే గాదయ్యా, నేను కరాటే మాస్టర్‌ని! ఇయ్యి పిల్లల గళ్లు. జెర దిగుండ్రి, మీకు దండం బెడతా!"

"గట్లనే అంటరు. మమ్మల్ని ఎల్లగొట్టి మీవోళ్లకు ఇచ్చుకోనీకె," అంది సుక్కమ్మ. మిగిలిన గళ్లన్నీ అవునవునన్నాయి.

అంతలో తెల్ల కారు దిగాడు లక్ష్మణ్ రెడ్డి. ఆ మైదానం వాళ్ల తాత బడికి రాసిచ్చినది. "మా తాత పిల్లల కోసమిచ్చిన జాగ అమ్ముతున్నదెవడ్రా?" అంటూ నేరుగా వచ్చి, ఎవరి మాటా వినకుండా, ఖాళీగా ఉన్న అరవై ఒకటో గడిలో పాతుకుపోయాడు. "నేను ఈడికెల్లి కదల. ఎవడు గుంజుతడో గుంజుండ్రి!"

పది కొట్టింది. తారాబాయి పిల్లల్ని తరగతుల నుంచి వదిలింది. మైదానంలో కాలు పెట్టే చోటు లేక పిల్లలంతా వరండాలోనే ఆగిపోయారు. గిడియోన్ అటు చూశాడు. అదే వరండా, అదే స్తంభాల సందుల్లోంచి అవే చూపులు. ఆ వరండా ఇంకెవరికీ దక్కకూడదని తాను గీసిన గీతలే ఇంతమందికి దాన్ని దక్కించాయి. అతనికి ఏడుపొచ్చింది.

"గిడియోన్, ఇది లొల్లి కాదా?" అంది తారాబాయి గడియారం చూసుకుంటూ.

"కాదు మేడం," అన్నాడతను బెల్టు బిగించుకుంటూ. "ఇది క్లాసు."

ఇక ఏమైతే అదైందని ముందుకెళ్లి నిలబడ్డాడు. "కాళ్లు దూరం! మోకాళ్లు వంచు! పిడికిలి బిగించు!" అని అరిచాడు.

"పరీక్ష పెడుతుండు! సక్కగ చెయ్యనోళ్ల పేరు కొట్టేస్తడు!" అని బాలనర్సయ్య హెచ్చరించాడు. అంతే, అరవై ఒక్కమందీ మోకాళ్లు వంచారు. "హా!" అంటే "హా!" అని అరిచారు. సుక్కమ్మ కొంగు బిగించి గుద్దిన గుద్దుకు పక్క గడివాడు జడిసి గీత దాటబోయి ఆగాడు. వరండాలో పిల్లలు మొదట పడీపడీ నవ్వారు. తరువాత నిలబడ్డచోటే వాళ్లూ గుద్దడం మొదలుపెట్టారు.

గిడియోన్ వంగిన మోకాళ్లను లేవనిస్తే కదా! పది నిమిషాలకు గళ్లు వణికాయి. పదిహేనో నిమిషానికి సుక్కమ్మ గంప నెత్తికెత్తుకుంది.

"నాకు జాగా వద్దు, ఏమొద్దు! నడుమున్న కాడ ఉంటే సాలు!"

ఏడో గడి ఖాళీ అయిందో లేదో వరండా నుంచి ఒక పిల్లవాడు దూకి అందులో నిలబడ్డాడు. తరువాత పన్నెండు, ఆ తరువాత నలభై. పెద్దలు మూలుగుతూ దిగుతుంటే పిల్లలు కేకలేస్తూ ఎక్కారు. బాలనర్సయ్యను ఇద్దరు పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. చివరికి లక్ష్మణ్ రెడ్డి ఒక్కడే చెమటలు కక్కుతూ, మోకాళ్లు వంచి, తాతగారి పరువు కోసం నిలబడి ఉన్నాడు.

వరండాలో ఇంకా ఒక పాప మిగిలి ఉంది. నిన్ననే బడిలో చేరిన సహస్ర, ఇంకా తారాబాయి లెక్కలోకి ఎక్కలేదు. స్తంభం పట్టుకుని గాలిలో చిన్న చిన్న గుద్దులు గుద్దుతోంది. గిడియోన్ అటు వేలు చూపించాడు. లక్ష్మణ్ రెడ్డి ఆ పాపను చూశాడు, తన కాళ్ల కింది నెంబరు చూసుకున్నాడు. మెల్లగా నడుం పట్టుకుని గడి దిగాడు.

"రా బిడ్డా. ఇది నీదే."

మైదానం నిండింది. గిడియోన్ "హా!" అందామని నోరు తెరిచేలోపే పిల్లలే అరిచారు.

తారాబాయి వారానికి రెండు రోజులు రాసిచ్చింది. సోమవారం పొద్దున్నే బాలనర్సయ్య నుంచి ఫోను వచ్చింది. మనవణ్ణి కరాటేలో చేర్పిస్తానన్నాడు, మొన్నటికి మన్నించమన్నాడు, చివర్లో గొంతు తగ్గించాడు.

"మాస్టరూ, మా వానికి జెర ఈస్ట్ ఫేసింగ్ గడి చూడుండ్రి. కార్నర్ బిట్ అయితే ఇంకా మంచిది."