కొలిచాకే కదలాలి

మనిషి ఇంతవరకూ కనిపెట్టిన వాటిలో అన్నిటికన్నా గొప్పది విమానం కాదు. ఒక ఎయిర్‌పోర్టుకీ ఇంకో ఎయిర్‌పోర్టుకీ మధ్య దూరం కొలిచిపెట్టే వెబ్‌సైట్! విమానంతో వచ్చిన చిక్కేమిటంటే, ఎక్కితే నిజంగానే ఎక్కడికో వెళ్లాల్సి వస్తుంది. వెబ్‌సైట్‌తో ఆ బాధ లేదు.

నవ్వకండి. పూర్వం బంధువుల దగ్గరికి వెళ్లకుండా తప్పించుకోవాలంటే ఎన్ని తిప్పలు? జ్వరం తెచ్చుకోవాలి, లేదా పిల్లల పరీక్షలు అడ్డం పెట్టుకోవాలి. పిల్లలు లేనివాళ్ల గతేమిటి? ఇప్పుడు రెండు ఊళ్ల పేర్లు కొడితే చాలు, మధ్యలో ఒక గీత, దాని మీద ఒక అంకె. అంకెతో ఎవరు వాదిస్తారు?

మా అక్క సంగతే చూడండి. మా ముగ్గురిలో పెద్దది, ఒంటరి మనిషి. పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. “మీ ఇద్దర్లో ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చోండ్రా, నాకు భయంగా ఉంది” అని ఫోన్ చేసింది. అన్నయ్య ఉండేది ఆమెకు ఒక వైపు, నేనుండేది ఇంకో వైపు. ఇద్దరికీ విమానమే దిక్కు. దగ్గరున్నవాడు వెళ్లడం న్యాయం కదా? మరి ఎవరు దగ్గర? అది తేల్చకుండా బయల్దేరితే తొందరపాటు అనిపించుకోదూ?

అన్నయ్య వెంటనే కొలిచి పంపాడు. తన దూరం పెద్దంకె, నాది చిన్నంకె. అనుమానం వచ్చి చూద్దును కదా, తనది కిలోమీటర్లలో ఉంది, నాది నాటికల్ మైళ్లలో! వాటితో కొలిస్తే ఎంత దూరమైనా ఇంచుమించు సగానికి దిగుతుంది. తోడబుట్టినవాడే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోను?

నేను ఊరుకుంటానా? సైట్లన్నీ గాలించి, అన్నిటికన్నా పెద్దంకె చూపించినదాన్ని పట్టుకున్నాను.

“అది పాత సైటురా, భూమి బల్లపరుపుగా ఉందనుకుని కొలుస్తుంది” అన్నాడు అన్నయ్య.

“గుండ్రంగా ఉంటే మాత్రం నీకేం, ఎటూ కదలవుగా” అన్నాను.

తర్వాత రన్‌వే ఈ చివర నుంచి కొలవాలా, ఆ చివర నుంచి కొలవాలా అన్న దగ్గర పీటముడి పడింది. రాజీ కుదురుస్తానని వచ్చిన వదిన, గాలి ఎటు వీస్తుందో కూడా లెక్కలోకి తీసుకోవాలంది. ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు.

మొత్తానికి తేలింది. వెంట్రుకవాసి తేడాతో అన్నయ్యే దగ్గర! ఆ శుభవార్త చెబుదామని అక్కకు ఫోన్ చేశాను.

“ఆపరేషనైపోయి ఇంటికొచ్చేశాన్రా” అంది.

“మరి పక్కన ఎవరున్నారు?”

“ఎదురింటావిడ. సంచి పట్టుకుని ఒక్కదాన్నే గుమ్మం దిగుతుంటే చూసి, కాళ్లకు చెప్పులైనా వేసుకోకుండా వచ్చేసింది. మత్తు దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.”

ఎంత దూరమో, ఏమిటో కనుక్కోకుండా మనుషులు అలా ఎలా బయల్దేరతారండీ?

ఆవిడ ఫోన్లో ఇంటర్నెట్ లేదట, పాపం.