మాస్టారి బుర్రకి మేత

ఆ రోజు పొద్దున్న టైలరు మాస్టారి ప్లాను చాలా చిన్నది. అందరికంటే ముందు లేవాలి. ఇంటి ముందు గదిలోనే ఉన్న షాపులోకి జారుకోవాలి. హ్యాంగర్లకి తగిలించిన కోట్ల జేబుల్లోని వాల్‌నట్లన్నీ సంచిలోకి దులిపి, పార్కులో ఉడతలకి పోసి రావాలి. వచ్చేటప్పుడు మలుపులో ఉన్న టీకొట్లో వెన్న రాసిన బ్రెడ్డు ఒకటి తినాలని కూడా ఉంది గానీ, ఆ సంగతి ఆయన తనలో తను కూడా గట్టిగా అనుకోలేదు.

కోటు జేబుల్లో వాల్‌నట్లేమిటంటారా? అంతా కొలతల టేపు వల్ల వచ్చింది. ఈ మధ్య ఒకరోజు మాస్టారు మెళ్లో టేపు పెట్టుకుని, అదే టేపు కోసం ఇల్లంతా వెతికారు. లోకంలో ఏ టైలరైనా చేసే పనే అది! కానీ లెక్కల టీచరుగా పనిచేస్తూ, సెలవులకి ఇంటిపట్టున ఉన్న కూతురి కళ్లబడింది. ఇంకేముంది, ఆవిడ పత్రికలన్నీ తిరగేసి, పెద్దవాళ్ల జ్ఞాపకశక్తికి ఏ తిండి మంచిదో తేల్చేసింది. చక్కెర డబ్బా అటకెక్కింది. వెన్న ఇల్లు వదిలి వెళ్లిపోయింది. పూటపూటా ఆకుకూరలు, ఉడికించిన గింజలు, పైన గుప్పెడు వాల్‌నట్లు.

"పెంకు నువ్వే పగలగొట్టుకుని తిను నాన్నా, వేళ్లకీ పని ఉంటుంది. బుర్రకి చాలా మంచిది."

"బుర్రకి మంచిదంటూ నా బుర్ర తినేస్తున్నావు కదే!"

"తినకపోతే నీ ఇష్టం. డాక్టరు గారు పరీక్ష చేసి మతిమరుపు అన్నారంటే మాత్రం షాపు షట్టరు దించేయడమే. ఏ కత్తెరతోనో చెయ్యి కోసుకుంటే చూడాల్సింది నేనేగా!"

షట్టరు మాట వినగానే మాస్టారి గుండెల్లో రాయి పడింది. మీసాలు రాకముందు నుంచీ కత్తెర పట్టిన మనిషి. షాపులో ఉన్నంతసేపే ఆయన మాస్టారు, షట్టరు దిగితే కుర్చీలో కూర్చోబెట్టిన ముసలాయన. అందుకే ఎదురు చెప్పలేదు. అలాగని తినలేదు కూడా. తన నోట్లోకి ఏం వెళ్లాలో బెదిరించి చెబుతారా? ససేమిరా! గుప్పెడు తీసుకుని షాపులోకి వెళ్లడం, చేతికందిన కోటు జేబులో పడేయడం, "తినేశానమ్మా" అని కేకెయ్యడం. వారంగా ఇదే వరస.

సంచి చంకలో పెట్టుకుని షాపులోకి అడుగుపెట్టిన మాస్టారికి ఖాళీ హ్యాంగర్లు కనిపించాయి. వాటి పక్కన అల్లుడు చేతులు దులుపుకుంటూ కనిపించాడు.

"కోట్లన్నీ తెల్లారకుండానే నేనే ఇచ్చొచ్చేశాను మామయ్యా! ఈ వయసులో మీకెందుకు తిరుగుడు?"

"జేబులు... ఏమైనా చూశావా నాయనా?"

"చూశాను. కాస్త ఉబ్బెత్తుగా ఉన్నాయి. కొత్త ఫ్యాషనేమో అనుకున్నా."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. కొంప మునిగిందని ఆయనకి తెలిసిపోయింది గానీ, ముందుగా ఏ గది మునుగుతుందో అంతుపట్టలేదు.

మధ్యాహ్నం కాకుండానే లాయరు ఊడిపడ్డాడు. తలుపు తీసిన కూతురి మీదే కస్సుమన్నాడు.

"కోర్టులో జేబురుమాలు లాగానమ్మా! వాల్‌నట్లు దొర్లుకుంటూ వెళ్లి జడ్జిగారి బల్ల కిందికి చేరాయి. 'సాక్ష్యాలు ఇలా ప్రవేశపెడతారా?' అన్నారాయన. కోర్టంతా ఒకటే నవ్వు!"

"ఏమనుకోకండి. మా నాన్నకి ఈ మధ్య మతిమరుపు."

మాస్టారికి ఆ మాట రుచించలేదు. కావాలనే పెట్టానంటే వారం రోజుల దొంగాట బయటపడుతుంది. ఆ తర్వాత కూతురు ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే నోట్లో కుక్కుతుంది. అందుకని మతిమరుపుకే తలూపేశారు.

లాయరు మెట్లు దిగాడో లేదో దంతవైద్యుడి ఫోను. పళ్లతో పెంకులు కొరకొద్దని ఊరందరికీ చెప్పే పెద్దమనిషి, కొత్త కోటు జేబులో వాల్‌నట్టు దొరికిన సంతోషంలో తనే కొరికాడు. ముందు పన్ను ఊడిందిట. ఆ తిట్లలో సగానికి పైగా గాలే వచ్చింది.

"తిండి ఎక్కడ పెడుతున్నావో కూడా తెలియట్లేదా నాన్నా నీకు?" కూతురి మొహం పాలిపోయింది. అప్పటికప్పుడు డాక్టరుకి ఫోన్ చేసి సాయంత్రానికి రమ్మనిపించుకుంది. ఈలోగా ఎందుకైనా మంచిదని మధ్యాహ్నం రెండు గుప్పెళ్లు పెట్టింది.

కూతురితో, అల్లుడితో ఆస్పత్రి గదిలోకి వెళ్లగానే మాస్టారి చూపు డాక్టరు తెల్లకోటు మీద పడింది. లైనింగు మార్చింది తనే. కుడి జేబు ఉబ్బెత్తుగానే ఉంది.

"ఇవాళ ఏ వారం?" అని మొదలుపెట్టాడు డాక్టరు.

"గురువారం."

"అవునా?" అని క్యాలెండరు వంక చూసుకుని, గొంతు తగ్గించాడు. "మాస్టారూ, ఒక సంగతి అడుగుతాను. జేబులో ఏదో పెట్టుకుని, ఎప్పుడు పెట్టుకున్నామో బొత్తిగా గుర్తు రాకపోవడం... మీకెప్పుడైనా జరిగిందా? నాకు తెలిసిన ఒకాయనకి జరిగింది."

అంటూనే జేబులోంచి వాల్‌నట్లు తీసి బల్ల మీద పెట్టాడు. "పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. వీటిని నేను కొనలేదు, ఎవరూ ఇవ్వలేదు. మధ్యాహ్నం పేషెంట్లని కూడా పంపించేశాను."

మాస్టారు నోరు మెదపకపోతే చాలు. తన మీదే నమ్మకం పోయిన మనిషి ఎదుటివాడికి మతిమరుపని ఏం రాస్తాడు? షాపు భద్రం. కానీ ఆ డాక్టరు తన చేతుల్నే తను పరాయివాటిలా చూసుకుంటున్నాడు. మాస్టారి భార్య చివరి రోజుల్లో అచ్చం అలాగే చూసుకునేది. ఆ చూపు ఆయన భరించలేకపోయారు.

"మీ మతికేం కాలేదండీ, నిక్షేపంలా ఉంది!" అంటూ లేచారు. "అవి నేను పెట్టినవి, కావాలనే పెట్టాను. మొన్న పొద్దుటివి మీ కుడి జేబులో, ఆ సాయంత్రానివి దంతాల డాక్టరు గారి ఎడమ జేబులో, నిన్నటివి లాయరు గారి లోపలి జేబులో. ఇవాళ మధ్యాహ్నానివి మా అల్లుడి గొడుగులో ఉన్నాయి."

తలుపు దగ్గరున్న అల్లుడు గొడుగు ఊపి చూశాడు. గలగలమంది.

డాక్టరు బల్ల చుట్టూ తిరిగొచ్చి మాస్టారిని కావిలించుకున్నాడు. "ఇంత గుర్తున్న మనిషికి మతిమరుపేమిటమ్మా!"

కూతురికి అదేం వినబడలేదు. "అయితే ఒక్కటి కూడా తినలేదా?"

"తినలేదు. నా షాపు మూస్తానని బెదిరించి అమృతం పెట్టినా ఉమ్మేస్తాను!"

"అమ్మ చివర్లో నన్నే 'ఎవరమ్మా నువ్వు' అంది. నువ్వూ అలా అడిగితే నేను తట్టుకోలేను నాన్నా." అంటూ భోరుమంది కూతురు.

మాస్టారు జేబురుమాలు తీసి ఆమె చేతిలో పెట్టారు. "నాకు లేదనుకున్నావా ఆ భయం? రోజూ ఉంది పిచ్చితల్లీ. అందుకే రోజూ షాపు తీస్తున్నాను. ఆకుకూర పెట్టు, తింటాను. గింజలు పెట్టు, తింటాను. కానీ నన్నడిగి పెట్టు. షట్టరు చూపించి పెట్టావో, ఊళ్లో ఒక్క జేబూ ఖాళీగా ఉండదు!"

"ఏ ఒక్క గింజో బుర్రని కాపాడుతుందని నేను మాటివ్వలేనమ్మా," అన్నాడు డాక్టరు, పేపరువెయిటుతో వాల్‌నట్టు పగలగొడుతూ. "రోజూ తినే తిండి మొత్తం మంచిదైతే, ఏళ్ల తరబడి అలాగే తింటే మేలు జరగొచ్చు. చేతినిండా పనీ, నలుగురితో మాటా కూడా ఉండాలి. షాపు మాత్రం మూయకండి."

ఇంటికొచ్చేలోగా తండ్రీ కూతుళ్లకి రాజీ కుదిరింది. షాపు ఉంటుంది, పళ్లెంలోకి ఏం రావాలో మాస్టారే చెబుతారు. మర్నాటి నుంచి ఆయన రోజూ చెబుతున్నారు, కూతురు శ్రద్ధగా విని, తను వండినదే వడ్డిస్తోంది.